చట్టం ప్రసాదించిన చుట్టం

తాగి కారు నడిపేవారిని దయచేసి తిట్టకండి! వారు ఎదురైనప్పుడు వీలైతే రెండు చేతులూ జోడించండి. వీలుకాకపోతే పక్కకు దూకండి. రెండూ ఒకేసారి చేయగలిగినవారు ధన్యులు. అలాంటివారు ఈమధ్య మన మధ్య తగ్గిపోతున్నారు.

నేను వేళాకోళమాడుతున్నానని అనుకోకండి. ఈ విషయాన్ని గురించి చాలాకాలంగా, చాలా లోతుగా, చాలావరకు రోడ్డు దాటే వీలులేక పేవ్‌మెంటు మీద నిలబడి ఆలోచించాను. ఆలోచించినకొద్దీ ఒక్కటే తోచింది. ఈ ఊరు ఇంకా నడుస్తున్నదంటే, అది తిన్నగా నడవలేనివారి పుణ్యమే!

తాగినవాడు స్టీరింగు పట్టుకుంటే ఎందరికి పని దొరుకుతుందో ఎప్పుడైనా గమనించారా? అద్దాలు బిగించేవాడికి పని. సొట్టలు తీసే షెడ్డుకు పని. కూలిన దీపస్తంభం చోట కొత్తది నాటే కాంట్రాక్టరుకు పని. అంబులెన్సు డ్రైవరుకు, ఎముకల డాక్టరుకు, పిండికట్టు కట్టే నర్సుకు, చంకకర్రలు అమ్మే దుకాణదారుకు పని. ఆపైన వకీళ్లకు పని. వాయిదా కోసం కోర్టు వరండాలో బల్లల మీద కూలబడినవారికి టీ అమ్మే మనిషికి పని.

మరి తాగనివాడో? బుద్ధిగా ఇంటికి వెళ్లి, బుద్ధిగా భోంచేసి, బుద్ధిగా పడుకుంటాడు. వాడివల్ల లోకానికి ఒరిగేదేమిటి? ఒక గురక!

ఇంతటి ఉపకారుల మీద కక్షగట్టి మన పెద్దలు ఆమధ్య ఒక చట్టం తెచ్చారు. తాగి బండి నడిపి ఎవరి అమ్మనో నాన్ననో పొట్టనపెట్టుకున్నవాడు, ఆ ఇంటి బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడేదాకా నెలనెలా పోషణ ఖర్చు ఇచ్చుకోవాలట! అదీ తన సొంత సంపాదనలోంచి!

ఆ వార్త వచ్చిన రోజున క్లబ్బుల్లో గ్లాసులు గల్లుమనలేదు. "ఇక మనిషన్నవాడు సరదాగా బయటికి వెళ్లేదెలాగండీ?" అని పెద్దమనుషులు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "రోడ్డు మీదికొచ్చిన ప్రతివాణ్నీ ఆపి, నీకు పిల్లలున్నారా అని అడిగి మరీ గుద్దాలా?" అని ఒకాయన నిలదీశాడు.

నేను మాత్రం ఆ రోజే చప్పట్లు కొట్టాను. ఎందుకంటారా? ఇంతవరకు మనం చూసిన చట్టాలన్నీ మనుషులను విడదీసేవే. మొగుడూపెళ్లాలకు విడాకులిప్పిస్తాయి. అన్నదమ్ముల మధ్య గోడ కట్టిస్తాయి. ఇంటాయనకూ అద్దెకున్నవాడికీ మాటలు లేకుండా చేస్తాయి. ఒక బిడ్డకు కొత్తగా ఒక చుట్టాన్ని కలిపిన చట్టం ఇదొక్కటే!

నమ్మకం కుదరకపోతే ఒక్కసారి మా వీధికి రండి.

మా వీధి ఒక కొసన బడి ఉంది. నేను అద్దెకుంటున్న గది కింద ఒక దర్జీ దుకాణం ఉంది. దుకాణం అంటే కిటికీ పక్కన ఒక కుట్టుమిషను, మధ్యలో కత్తిరింపు బల్ల, గోడకు సగం కుట్టిన చొక్కాలు, బల్ల మీద సుద్దముక్కలు, టేపు, ఒక పెద్ద గాజు సీసా నిండా గుండీలు. నడిపేది ఒక ఆడమనిషి. వీధిలో పెద్దాచిన్నా అందరికీ ఆమె అక్కే. వెనక గదిలో ఆమె అత్తగారు, బడికి వెళ్లే కూతురు ఉంటారు.

ఆమె భర్త రోడ్ల మీద తెల్లగీతలు వేసేవాడు. వీధిలో ఆయన్ను గీతలాయన అనేవారు. దుకాణం ఎదుట పిల్లలు బడికి దాటేచోట ఉన్న అడ్డగీతలు ఆయన వేసినవే. ఎంత తోముకున్నా ఆయన గోళ్ల కింద తెలుపు పోయేది కాదు. ఆమె బట్ట మీద సుద్దతో గీసేది. ఆయన రోడ్డు మీద పెయింటుతో గీసేవాడు. ఇద్దరి గీతలూ తిన్ననివే. ఒకటే తేడా. ఆమె గీసిన గీతను కత్తెర దాటదు. ఆయన గీసిన గీతకు ఆ మర్యాద దక్కలేదు.

ఒక తెల్లవారుజామున వంతెన రోడ్డు మీద ఆయన గీతలు వేస్తున్నాడు. ట్రాఫిక్ లేని వేళ అయితే పెయింటు చెదరకుండా ఆరుతుందని ఆ వేళకే పని పెట్టుకునేవాడు. అదే వేళకు టైల్స్ షోరూం యజమాని ఒకాయన విందు ముగించుకుని, కారులో ఇంటికి బయలుదేరాడు. ఆయన గీతనూ చూడలేదు, గీసేవాణ్నీ చూడలేదు. కారు ఆపలేదు కూడా.

అయితే టైర్లకు పచ్చి పెయింటు అంటుకుంది. వంతెన మీదినుంచి ఆయన ఇంటి గేటుదాకా తెల్లటి చారలు పడ్డాయి. పోలీసులు ఆ చారల వెంట నడుచుకుంటూ వెళ్లి తలుపు తట్టారు. గీతలాయన వేసిన ఆఖరి గీత అదే. ఊరికంతటికీ పొడుగైనది. అయితే కొంచెం వంకర. ఆ తప్పు ఆయనది కాదు.

ఇక కోర్టు. వకీళ్ల తెలివితేటలను తక్కువ చేసి మాట్లాడేవారు అక్కడ ఒక పూట కూర్చుని రావాలి. రోడ్డుకు వేసే పెయింటు అంత జిగటగా ఉండడంవల్లనే తన క్లయింటు టైర్లు పాడయ్యాయని, అందుకు తాము ఏ పరిహారమూ కోరడం లేదని, ఈ ఔదార్యాన్ని కోర్టువారు దయచేసి గమనించాలని షోరూం యజమాని వకీలు మొదలుపెట్టాడు!

తరువాత అసలు సంగతికి వచ్చాడు. పోయిన మనిషి బతికే ఉంటే తన సంపాదనంతా ఇంట్లో ఇచ్చేవాడా? తనకంటూ కొంత ఖర్చుపెట్టుకునేవాడు కదా? తిండి, బట్ట, టీ. ఇప్పుడాయన తినడు, తొడగడు, తాగడు. కనుక ఆయన సంపాదనలో మూడోవంతు తీసేసి, మిగిలినదాన్నిబట్టే బిడ్డకు ఎంత ఇవ్వాలో తేల్చాలి. ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతేనట.

చనిపోవడంలో ఇంత పొదుపు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

అక్కను బోనులో నిలబెట్టి వకీలు అడిగాడు.

"మీ ఆయన తనకోసం నెలకు ఏమాత్రం ఖర్చుపెట్టుకునేవాడమ్మా?"

"పెట్టుకునేవాడు కాదండీ."

"బట్టలు?"

"నేనే కుట్టేదాన్నండీ. ఎవరైనా కుట్టించుకుంటే మిగిలిన ముక్కల్తో."

"పోనీ, టీ తాగేవాడు కాదా?"

"తాగేవాడండీ. సగం."

"మిగతా సగం?"

"నాకు పోసేవాడండీ."

వకీలు సంతోషంగా కోర్టువైపు తిరిగాడు. "చూశారా, సగం తాగేవాడు! సాక్షే ఒప్పుకుంటోంది!" ఆ సగం గ్లాసు కూడా కోతలో పడింది. అక్కకు పోసిన సగం సంగతి ఎవరూ ఎత్తలేదు. దానికి ఏ పద్ధతీ లేదు.

న్యాయమూర్తి మాత్రం దయగల మనిషి. అనుమానం లేదు. తీర్పు చదువుతూ ఆయన కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాడు. పోషణ ఖర్చు బ్యాంకులో వేసి చేతులు దులుపుకుంటే చాలదన్నాడు. ప్రతి నెలా మొదటి శుక్రవారం షోరూం యజమాని స్వయంగా ఆ ఇంటి గుమ్మం ఎక్కాలి. ఆ తల్లి చేతికి స్వయంగా కవరు అందించాలి. ఆ బిడ్డ ముఖం చూడాలి. చూస్తే పశ్చాత్తాపం కలుగుతుంది. ఎంత గొప్ప ఆలోచన!

వెంటనే వకీలు లేచి నిలబడ్డాడు. "మహాప్రభూ, నా క్లయింటును జైల్లో పెడితే టైల్స్ ఎవరు అమ్ముతారు? టైల్స్ అమ్ముడుపోకపోతే ఆ పసిబిడ్డ ఏం తింటుంది? లైసెన్సు లాక్కుంటే ఆయన బిల్డర్ల చుట్టూ ఎలా తిరుగుతాడు? తిరగకపోతే ఆ పసిబిడ్డ ఏం చదువుకుంటుంది?"

పసిబిడ్డ కోసం ఆ వకీలు గొంతు ఎంతగా గద్గదమైందంటే, అక్క తరఫు వకీలు కూడా ముక్కు చీదుకున్నాడు.

కనుక పసిబిడ్డ మేలుకోరి శిక్షను పక్కన పెట్టారు. పసిబిడ్డ మేలుకోరి లైసెన్సు తిరిగి ఇచ్చారు. నాన్నను తీసుకుపోయిన కారే పాపను పోషించాలి కాబట్టి, ఆ కారు ఎట్టి పరిస్థితుల్లోనూ ఆగకూడదు! ఒక్క షరతు మాత్రం పెట్టారు. మళ్లీ తాగి నడుపుతూ దొరికితే నేరుగా జైలుకే. లోపల ఉన్నన్నాళ్లూ సంపాదన ఉండదు కనుక కవరూ ఉండదు.

ఆ విధంగా మా పాపకు చట్టబద్ధంగా ఒక చుట్టం వచ్చాడు.

మొదటి శుక్రవారం, బడికి సెలవు కావడంతో పాప ఇంట్లోనే ఉంది. నేను కాలరు తిప్పి కుట్టించుకుందామని చొక్కాతో కిందికి దిగి ఉన్నాను. షోరూం యజమాని ఇస్త్రీ మడత నలగని చొక్కాతో గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చేతిలో కవరు. మరో చేతిలో పాపకోసం పెన్సిళ్ల డబ్బా. ప్రతి పెన్సిలు మీదా షోరూం ఫోన్ నంబరు అచ్చువేసి ఉంది.

పాప డబ్బా అందుకుని, తలెత్తి చూసి, అందరం తప్పించుకు తిరుగుతున్న ప్రశ్న అడిగేసింది. "అమ్మా, ఈయన్ని ఏమని పిలవాలి?"

ఏం ప్రశ్న! మన మాటల్లో మనిషి గుమ్మం దాటాలంటే ముందు ఒక వరస కావాలి. కూరలమ్మే ఆవిడ అత్త అవుతుంది. బస్సు కండక్టరు అన్న అవుతాడు. దారి అడిగిన ముసలాయన తాత అవుతాడు. నాన్నను చంపి ఫీజు కట్టేవాడు ఏమవుతాడు? చట్టం చేసిన పెద్దలు ఈ ఒక్కటీ రాయడం మరిచిపోయారు.

షోరూం యజమాని ముందుకు వంగి, "బాబాయి అను తల్లీ," అన్నాడు. పాపం, ఆయనది మంచి ఉద్దేశమే.

వెనక గదిలోంచి అత్తగారు వచ్చేసింది. "బాబాయా? అంటే నా కడుపున పుట్టావన్నమాట! ఎప్పుడు పుట్టావు నాయనా, నాకు తెలియకుండా?"

ఆయన తడబడ్డాడు. "పోనీ... మావయ్య."

ఈసారి అక్క సూదిలోకి దారం ఎక్కిస్తూనే అంది. "మావయ్యంటే నాకు అన్నయ్య అవుతారండీ. మా సొంత అన్నయ్య ఆ పని చేసుంటే ఈ గుమ్మం ఎక్కనిచ్చేదాన్ని కాదు."

"తాతయ్యో?" అన్నాన్నేను, మధ్యవర్తిగా. రంగేసిన జుట్టు తడుముకుని ఆయన నావైపు గుర్రుగా చూశాడు.

చివరికి ఇంగ్లీషే అందరినీ గట్టెక్కించింది. "అంకుల్ అంటాలే," అంది పాప.

"అంకులంటే ఎవరే?" అత్తగారు అనుమానంగా అడిగింది.

"ఎవరూ కాదు నాయనమ్మా."

అందరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. మరుసటి నెలకల్లా ఆయన వీధిలో అందరికీ శుక్రవారం అంకుల్ అయిపోయాడు.

ఇప్పుడు చెప్పండి, ఇది వరం కాదా? మీ సొంత బాబాయి ఏ నెలైనా మీ ఫీజు కట్టాడా? మీ సొంత మావయ్య పిలవకుండా, అప్పు అడగకుండా, ఒక్క నెల కూడా తప్పకుండా మీ ఇంటికి వచ్చాడా? రక్తసంబంధాలదేముంది, ఎవరి తీరిక వారిది. రక్తం చిందిన సంబంధాలే గట్టివి. వాటికి కోర్టు ముద్ర ఉంటుంది!

ఈ సదుపాయాన్ని విస్తరించాలని నా మనవి. ఇల్లు వాయిదాల మీద దొరుకుతోంది. కారు వాయిదాల మీద దొరుకుతోంది. మనిషి మాత్రం ఎందుకు దొరకకూడదు? బ్యాంకులు ముందుకొచ్చి ముందస్తు రుణాలివ్వాలి. "ఈ పండుగ సీజనులో ఒకరిని గుద్దండి, మొదటి వాయిదా మేమే కడతాం!" బార్లలో బిల్లుతోపాటు నలుగురైదుగురు పిల్లల ఫొటోలు పెట్టాలి. ఏ బిడ్డను పోషించగలడో చూసుకుని, ఆ బిడ్డ నాన్న వెళ్లే దారినే పోతాడు. అంతా ఒక క్రమంలో, ఒక ప్లానింగుతో జరిగిపోతుంది. జీతం తక్కువున్నవాణ్ని గుద్దితే కవరు పలచనవుతుంది కాబట్టి కొత్తగా తాగడం మొదలుపెట్టిన కుర్రాళ్లు కూలీలతో ప్రారంభించి, ప్రమోషన్లు వచ్చినకొద్దీ పెద్ద ఉద్యోగులదాకా ఎదగవచ్చు!

ఇంత చక్కటి ఏర్పాటులో లోపం వెతికింది ఎవరో తెలుసా? లాభం పొందుతున్న అక్కే!

కొన్ని నెలలు గడిచాక నేను ఒకటి గమనించాను. శుక్రవారం అంకుల్ కవరిచ్చి కారెక్కగానే ఆమె మిషను ఆపేసేది. కుట్టు సగంలో ఉన్నా సరే, చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి, తల కొంచెం వాల్చి, ఏదో వినేది. కారు వీధి మలుపు తిరిగాక మళ్లీ తొక్కడం మొదలుపెట్టేది.

"ఏం వింటున్నావక్కా?" అని ఒకసారి అడిగాను.

"బ్రేకు," అంది. "మలుపు దగ్గర పడుతుందా లేదా అని."

అప్పుడు నాకు వెలిగింది. ఆయన బుగ్గన ఎప్పుడూ ఉండే పిప్పరమెంటు బిళ్ల ఎందుకో, గుమ్మం పట్టుకుని మరీ ఎందుకు లోపలికి వస్తున్నాడో. అక్కకు ఎప్పుడో వెలిగింది. అయినా నోరు విప్పలేదు. విప్పితే కవరు ఆగుతుంది. కవరు ఆగితే పాప బడి ఆగుతుంది. ఒక నెల ఊరుకుంది. ఇంకో నెల ఊరుకుంది. ఊరుకున్న ప్రతి నెలా ఆమె మిషను మరికాస్త ఎక్కువసేపు ఆగేది.

ఒక శుక్రవారం మాత్రం అడిగేసింది. "ఏవండీ, ఇక్కడికి వచ్చేటప్పుడైనా తాగడం మానుకోకూడదా?"

ఆయన అబద్ధమాడలేదు. గోడకు తగిలించిన గీతలాయన ఫొటోవైపు చూడకుండా, నేలవైపు చూస్తూ చెప్పాడు. "మీ గుమ్మం ఎక్కడమంటే మాటలు కాదమ్మా. మీ ముఖం, పాప ముఖం... ఒక గ్లాసు పడితేగానీ నావల్ల కావట్లేదు. మిగతా రోజుల్లో ముట్టనే ముట్టను, నా పిల్లల మీదొట్టు."

"బస్సులో రావచ్చుగా?"

"బస్సులోనా? ఈ స్థితిలో? నలుగురూ చూస్తే ఏమనుకుంటారమ్మా?"

ఆ పరువుకు నేను మనసులోనే నమస్కరించాను. న్యాయమూర్తి ఏం కోరాడు? పశ్చాత్తాపం. కలిగిందా లేదా? కలిగింది! గ్లాసుల్లో కొలవగలిగినంత కలిగింది! చట్టం చెప్పిన ఇంటికి, చట్టం చెప్పిన రోజున, చట్టం తిరిగి ఇచ్చిన లైసెన్సుతో, చట్టం కోరిన పశ్చాత్తాపంతో మనిషి తాగి వస్తున్నాడు. ఇంతకన్నా చట్టబద్ధంగా తాగినవాణ్ని మీరెక్కడైనా చూశారా?

ఆ మరుసటి నెల ఆయన పశ్చాత్తాపం బాగా ముదిరింది. వస్తూ వస్తూనే కారు ముందుచక్రం పేవ్‌మెంటు ఎక్కి, దుకాణం బోర్డును ఒరిగించింది. ఆయన లోపలికి వచ్చి, కవరు బల్ల మీద పెట్టి, తాళంచెవి కవరు పక్కన పెట్టి, స్టూలు మీద కూర్చోబోయి స్టూలు కోసం వెతుక్కున్నాడు. బడి వదిలే వేళ దగ్గరపడుతోంది.

అక్క కవరువైపు చూసింది. తాళంచెవివైపు చూసింది. తరువాత తాళంచెవి తీసి గుండీల సీసాలో పడేసి, రెండు చేతులతో సీసాను బాగా కుదిపింది. కవరును మాత్రం కదపలేదు.

"తాళం ఇవ్వమ్మా, వెళ్లొస్తాను."

"గుండీల్లో ఉందండీ. తీసుకోండి."

ఆయన సీసాలో చెయ్యి పెట్టాడు. చొక్కా గుండీ వచ్చింది. మళ్లీ పెట్టాడు. కోటు గుండీ వచ్చింది. దాన్ని వెలుతురుకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి, "ఇది మా కారుది కాదే," అన్నాడు బాధగా.

అక్క ఫోను అందుకుంది. అత్తగారు పరుగున వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. "ఎవరికే? పోలీసులకా? వచ్చే నెల ఏం చేస్తావే? పాప ఫీజో?"

"మిషనుందిగా అత్తయ్యా."

"ఒక్క మిషను!"

"తొక్కడానికి రెండు కాళ్లున్నాయిగా."

నేను కూడా నా వంతు ప్రయత్నం చేశాను. ఇంత కచ్చితమైన రాబడిని ఎవరైనా చేజేతులా పోగొట్టుకుంటారా అన్నాను. ఆయన ఎటూ బయలుదేరతాడు, ఏదో ఒక దారిన పోతాడు, ఆ దారి మన దారి కాదు కదా అన్నాను. ఇంత చెప్పినా ఆమె చెవిన వేసుకుంటేనా!

"తమ్ముడూ, కాస్త పక్కకు జరుగు. రోడ్డు కనబడట్లేదు," అంది.

జరిగాను. కిటికీలోంచి రోడ్డు కనబడింది. బడి గంట మోగింది. సంచీలు వీపున ఊగుతుండగా పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అడ్డగీతల మీదికి దిగుతున్నారు. గీతలు బాగా వెలిసిపోయాయి. వేసినవాడు లేడు కదా, మళ్లీ ఎవరూ వేయలేదు. అయినా పిల్లలు వాటిమీదే నడుస్తున్నారు. వెలిసిన గీతలు కారు ఆపుతాయని ఆ పిల్లలకు ఎవరు చెప్పారో!

అత్తగారు కూడా అటే చూసింది. పిల్లల్లో తమ పాప కూడా కనబడ్డాక పట్టుకున్న మణికట్టు వదిలేసింది. "సరే, చెయ్యి. కానీ ముందు ఆ కవరు లోపల పెట్టవే. వాళ్లొచ్చి సాక్ష్యమని పట్టుకుపోతారు."

అక్క కవరు తీసి లోపల పెట్టింది. ఆ తరువాతే ఫోను చేసింది.

పోలీసులు వచ్చేసరికి శుక్రవారం అంకుల్ బల్లంతా గుండీలు పరుచుకుని, రంగులవారీగా వేరు చేస్తున్నాడు. వారిని చూసి విషయం అర్థమయ్యాక ఏడ్చేశాడు. నిజమైన ఏడుపే. "మీ బిడ్డకోసమే వచ్చాను కదమ్మా! వచ్చినందుకా ఈ శిక్ష?"

"వచ్చినందుకు కాదండీ," అంది అక్క. "వెళ్లబోతున్నందుకు."

పాప అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. జీపు ఎక్కుతున్న ఆయనకు టాటా చెప్పి, "అంకుల్‌ని ఎక్కడికి తీసుకెళ్తున్నారమ్మా?" అంది. "ఇంటికి దింపుతారు," అంది అత్తగారు. ఆ ముసలావిడ జీవితంలో చెప్పిన అబద్ధాల్లో అంత మర్యాదైనది మరొకటి ఉండదు.

తరువాతి సంగతి మీరు ఊహించగలరు. ఆయన జైలుకు వెళ్లాడు. కవరు ఆగింది. ఆ వకీలు మళ్లీ కోర్టుకెక్కాడు. చెల్లింపు ఆగడానికి కారణం సదరు దర్జీయే కనుక, బకాయిలు అడిగే హక్కు ఆమెకు లేదని వాదించాడు. తన బిడ్డను పోషిస్తున్నవాణ్ని తానే జైలుకు పంపిన తల్లి ఎలాంటి తల్లి అని అడిగాడు. పసిబిడ్డ పేరెత్తగానే మళ్లీ గొంతు గద్గదమైంది. కోర్టువారు ఆ వాదనను పరిశీలిస్తున్నారు. కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

మా కింద మిషను ఇప్పుడు నేను నిద్ర లేవకముందే మొదలవుతోంది. బడి యూనిఫారాలు కుట్టే పని దొరికింది. మధ్యలో ఆగడం లేదు. వినవలసిన బ్రేకేదీ లేదు కదా!

నాకు అర్థం కానిది ఒక్కటే. తాగినవాడి తాళం తీసి సీసాలో పడేయడం ఇంత తేలికైన పని అయితే, ఇంతమంది పెద్దలు, ఇన్ని పుస్తకాలు తిరగేసి, ఇంత పెద్ద చట్టం చేసి, ఆ ఒక్క పనీ ఎందుకు చేయలేదు? పోయినవాడు తాగిన సగం టీదాకా వెతికి పట్టుకోగలిగిన కోర్టుకు, బతికున్నవాడి జేబులోని తాళంచెవి ఎందుకు కనబడలేదు? బహుశా వారివద్ద గుండీల సీసా లేదు కాబోలు. బిడ్డ కడుపు నింపే బాధ్యత చంపినవాడి స్టీరింగుకు కట్టేయకుండా, తామే ముందు ఇచ్చి, వాడి దగ్గర తరువాత వసూలు చేసుకునే ఉపాయం తట్టడానికి, ఆ పెద్దలకు కూడా ఒక గ్లాసు పడాలేమో!

సరే, వారిని వదిలేయండి. నా కోపమంతా అక్క మీదే. ఆమె తన బిడ్డకు మాత్రమే అన్యాయం చేసి ఊరుకోలేదు. ఇంకో బిడ్డకు కూడా చేసింది.

ఆ శుక్రవారం సాయంత్రం ఆ కారు బయలుదేరి ఉంటే, మా వీధికీ షోరూంకీ మధ్య ఎక్కడో, ఎవరో ఒకరు రోడ్డు దాటుతూ ఉండేవారు. కారు బయలుదేరలేదు. కనుక ఆ మనిషి ఏమీ ఎరగకుండా రోడ్డు దాటాడు. ఇంటికి చేరాడు. చెప్పులు విడిచాడు. ఆ ఇంట్లో ఒక పిల్ల ఉండే ఉంటుంది. ఆ పిల్లకు న్యాయంగా రావలసిన నెలనెలా కవరు, షోరూం నంబరున్న పెన్సిళ్ల డబ్బా, ఇస్త్రీ చొక్కా అంకుల్, అన్నీ ఒక దర్జీ గుండీల సీసాలో కలిసిపోయాయి. తనకు ఎంత నష్టం జరిగిందో ఆ పిల్లకు తెలియను కూడా తెలియదు. ఏ కోర్టుకు వెళ్లాలో తెలియదు.

పాపం, ఏం చేస్తుంది? సొంత నాన్నతోనే సరిపెట్టుకుంటోంది.